ఆఖరి దెబ్బ ఎవరిది?

పదకొండేళ్లు నేను ఒకే ఆర్కెస్ట్రాలో డోలక్ వాయించాను. మేం ఆర్కెస్ట్రా అనం, పార్టీ అంటాం. సిరిమాను పండగ వచ్చిందంటే విజయనగరం చుట్టుపక్కల మా పార్టీకి తీరికుండేది కాదు. తర్వాత ఒకే ఏడాదిలో మా ఓనరు మైకు సెట్టు అమ్మేశాడు, పాడే అమ్మాయి పెళ్లై వెళ్లిపోయింది, కీబోర్డు కుర్రాడు గల్ఫ్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. ఆమదాలవలస వైపు ఇంకో పార్టీ కూడా ఆ సీజన్లోనే చెదిరిపోయింది. మిగిలిన వాళ్లం మేం నలుగురం, వాళ్లు ముగ్గురు. శ్రీకాకుళంలో ఒక టైలర్ షాపు మేడ మీద, మిషన్ల చప్పుడు ఆగిన తర్వాత, రాత్రి తొమ్మిదింటికి మొదటిసారి కలిసి కూర్చున్నాం.

రెండు పార్టీలూ వందలసార్లు వాయించిన ఇళయరాజా పాట ఒకటి ఎంచుకున్నాం. శ్రుతి దగ్గర పేచీ రాలేదు, ఒకటిన్నర అనుకున్నాం. పల్లవి, ఇంటర్‌లూడ్, చరణాలు అన్నీ నూనె రాసినట్టు జారిపోయాయి. ఇన్నాళ్లూ విడివిడిగా ఎందుకున్నామా అనిపించింది. ఆఖరి పల్లవి అయింది, వాళ్లు ఆపేశారు. నేను ఆపలేదు. మా పార్టీ పద్ధతిలో మూడుసార్లు తిప్పి ముక్తాయింపు వేశాను. ఆ మేడ మీద నా డోలక్ ఒక్కటే మోగింది.

ప్యాడ్స్ వాయించే కుర్రాడు నెమ్మదిగా అడిగాడు: "మాస్టారూ, ఏటండీ ఇంకా వాయిస్తన్నారు? పాటైపోనాది కదా."

ఆ రాత్రి బస్సులో వస్తూ ఆలోచిస్తే కారణం దొరికింది. మేమందరం ఆ పాటని క్యాసెట్‌లో విని నేర్చుకున్నవాళ్లమే. క్యాసెట్‌లో ఆ పాటకి ముగింపు లేదు, ఫేడౌట్ అయిపోతుంది. స్టూడియోలో ఇంజనీరు మీట కిందికి జరుపుతాడు, పాట దూరంగా వెళ్లిపోయినట్టు అణిగిపోతుంది. అరుగు మీద, జాతర స్టేజీ మీద అలా కుదరదు. ఎక్కడో అక్కడ దెబ్బ వేసి ఆపాలి. అందుకని ప్రతి పార్టీ తన ముగింపు తానే తయారుచేసుకుంది. పల్లవి అందరిదీ, చరణం అందరిదీ, ముగింపు మాత్రం పార్టీది. పార్టీ పోయినా అది వేళ్లలో ఉండిపోతుంది.

పాత గుంపుల్లోంచి వచ్చినవాళ్లు కలిసి కట్టుకున్న బ్యాండ్ల గురించి అప్పటినుంచీ వెతుక్కుని వింటున్నాను. అమెరికాలో 2001లో పుట్టిన ‘ది పోస్టల్ సర్వీస్’ నాకు అలా దొరికింది. డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ బ్యాండ్‌లో పాడే బెన్ గిబ్బర్డ్, డింటెల్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసే జిమ్మీ టాంబొరెల్లో కలిసి దాన్ని మొదలుపెట్టారు. రైలో కైలీ బ్యాండ్ నుంచి జెన్నీ లూయిస్ వచ్చి గొంతు కలిపింది. మొదలుపెట్టిన ఇద్దరూ ఉండే ఊళ్లు వేరు. ఒకరు ట్రాకు చేసి పోస్టులో పంపితే, రెండోవారు దాని మీద పాట కట్టి తిరిగి పంపేవారు. పేరు అలా వచ్చిందే. 2003లో ‘గివ్ అప్’ ఆల్బమ్ వచ్చింది. అమెరికా తపాలా శాఖ ఆ పేరు తమదని నోటీసు కూడా పంపింది, చివరికి ఆ పేరు వాడుకోవడానికి ఒప్పుకుంది. రెండో ఆల్బమ్ మాత్రం రాలేదు. ఎవరి పాత బ్యాండ్‌కి వాళ్లు వెళ్లిపోయారు. పదేళ్లకి 2013లోనూ, ఇరవయ్యేళ్లకి 2023లోనూ మళ్లీ స్టేజీ మీద కలిశారు.

మన దగ్గర హైదరాబాద్‌లో సినిమాతో పని లేకుండా సొంత పాటలు కట్టుకున్న చౌరస్తా బ్యాండ్ ఉంది. అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత ‘జాతిరత్నాలు’లో పాడారు, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకి బాణీ కట్టి తానే పాడారు. ఆ గొంతు ఎక్కడ విన్నా నాకు ముందు చౌరస్తాయే గుర్తొస్తుంది. మనిషి బయటికొచ్చినా గుంపు అతని వెంట వచ్చేస్తుంది. అది తప్పని నేననుకోను. ఎంత వెంట రానివ్వాలన్నదే తేలదు.

మేం కూడా సొంత పాటలు కట్టడం మొదలుపెట్టాం. గల్ఫ్ వెళ్లిన కీబోర్డు కుర్రాడు శుక్రవారం సెలవు రోజున బిట్లు వాయించి వాట్సాప్‌లో పంపుతాడు. దేనికీ ముగింపు ఉండదు. ఐదారు నిమిషాలు వాయించి, కింద ఒక మెసేజ్ పెడతాడు: "నచ్చిన కాడ కోసుకోండి మాస్టారూ." కొయ్యడం మీదే మళ్లీ పేచీ. మా నలుగురికి మూడు తిప్పుల ముక్తాయింపు కావాలి, వాళ్ల ముగ్గురికి గొంతుతోపాటు టక్కున ఆగాలి. మూడు వారాలు ఒక్క పాటని ముగించలేకపోయాం. ఇది చెప్పుకోవడానికి చిన్న విషయమే. కానీ ఆ మూడు తిప్పులూ వదిలెయ్యమంటే నా పదకొండేళ్లూ వదిలెయ్యమన్నట్టే ఉండేది.

అప్పుడొచ్చాడు జముకు వాయించే పెద్దాయన. జముకుల కథ చెప్పే ముగ్గురిలో ఇద్దరు పోయారు, ఆయనొక్కడూ మిగిలాడు. జముకు అంటే ఒక పక్క తోలు మూసిన గొట్టం. ఆ తోలు మధ్యలోంచి నరం బయటికొస్తుంది. గొట్టాన్ని చంకలో ఇరికించి, ఒక చేత్తో నరాన్ని బిగిస్తూ, వదులుతూ, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం ఎగుస్తుంది, వదిలితే దిగుతుంది. కీబోర్డుకి ఉన్నట్టు దీనికి మెట్లు లేవు.

"నాకేటి నేర్పుతారు బాబూ?" అంటూ వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు.

విజయనగరంలో చదువుకున్న ప్రతివాడికీ ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ తెలుసు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల తెరిచినప్పుడు ఆయన విద్యార్థిగా చేరదామని వెళ్లారట, వయొలిన్ విని ఆచార్యుడిగానే తీసుకున్నారట. అప్పటికి ఆయన వయసు ఇరవయ్యారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఎక్కడెక్కడో తమ తమ దారుల్లో పండినవాళ్లని ఒక కప్పు కిందికి చేర్చిన చోటది. మా టైలర్ మేడకి ఆ పోలిక తేవడం నాకే పెద్దగా అనిపిస్తుంది, కానీ ఆ గుమ్మం దగ్గర నాకు గుర్తొచ్చింది అదే. గంట తిరక్కుండా మేం ఏడుగురం ఆయన చెయ్యి చూస్తూ కూర్చున్నాం.

ముందు కీబోర్డు బిట్లు పలచన చెయ్యాల్సి వచ్చింది. నరం జారే చోట కీబోర్డు నిలబడి ఉంటే చెవికి గుచ్చుకుంటుంది, అక్కడ దాన్ని తీసేశాం. నేను ఎడమ చేతి దెబ్బలు సగానికి తగ్గించాను. ఇక ముగింపు దగ్గర ఎప్పటిలా తగువు లేచింది. పెద్దాయన కాసేపు విన్నాడు.

"ఆపడానికేటుంది బాబూ? నరం వొదిలేత్తే అదే అడుక్కెల్లిపోద్ది."

చేసి చూపించాడు. మేమందరం ఆగాం. ఆయన మీటుతూనే నరాన్ని కొంచెం కొంచెంగా వదిలాడు. స్వరం దిగి, ఇంకా దిగి, తోలు మీద ఒక గురగురగా మిగిలి, వినపడీ వినపడకుండా అయిపోయింది. క్యాసెట్‌లో ఇంజనీరు మీట జరిపి చేసిన పని ఆయన చేత్తో చేశాడు. ఆ ముగింపు మా పార్టీదీ కాదు, వాళ్ల పార్టీదీ కాదు.

ఆ రికార్డింగ్ గల్ఫ్‌కి పంపాం. కుర్రాడు ఈసారి కోసుకోమని రాయలేదు. చివరి నలభై సెకన్లు మళ్లీ మళ్లీ వింటున్నానన్నాడు.

ఇప్పుడు మా దగ్గర నాలుగు పాటలున్నాయి. బ్యాండ్‌కి ఇంకా పేరు కుదరలేదు. నరం దిగుతున్నంతసేపూ నేను రెండు అరచేతులూ డోలక్ తోళ్ల మీద ఆనించి ఉంచుతాను, అది వణక్కుండా. మూడు తిప్పులూ అరచేతుల కిందే కదులుతుంటాయి.