గీతల తీరం, రంగుల తీరం

లూసియానా తీరానికి అడ్డంగా పడుకున్న ఇసుక లంకలు, మన కాకినాడకు హోప్ ఐలాండ్ ఉన్నట్టు, వెనకనున్న చిత్తడి నేలలకు కాపు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ పటాల్లో ఈ తీరం కరుగుదలను చూపినవాటిలో రెండు ఇవి: 1992లో విలియమ్స్, పెన్లాండ్, సాలెంజర్‌ల పేరిట వచ్చిన తీరరేఖల అట్లాసు, 2011లో కూవియన్ బృందం వేసిన ఒకే పెద్ద పటం.

అట్లాసుది ఓపిక. 1853 నుంచి 1989 దాకా లంక లంకకీ పాత గీత మీద కొత్త గీత పరుస్తుంది. 1856 తుపానులో విహార స్థలం కొట్టుకుపోయిన ఐల్ డెర్నియర్ ముక్కలై, ముప్పాతిక భాగానికి పైగా ఎలా పోగొట్టుకుందో అందులో చూడాలి. టింబలియర్ కథ వేరు. తూర్పు కొస కోసుకుపోతూ, పడమటి కొస పెరుగుతూ లంక పక్కకు జరిగింది. గీత మాత్రమే చెప్పగల సంగతి ఇది.

కూవియన్ పటంలో లంకలు దారప్పోగులు. 1932–2010 మధ్య పోయిన దాదాపు 4,877 చదరపు కిలోమీటర్ల నేలను అది కాలాన్నిబట్టి రంగులు మార్చి చూపుతుంది. కానీ ఆ రంగుల్లో తిన్నని గాట్లు కనిపిస్తాయి. ప్రకృతి అంత తిన్నగా గీయదు. డ్రిల్లింగ్ బార్జీలకూ, సముద్రం నుంచి చమురు తెచ్చే పైపులకూ తవ్విన కాలువలవి. వాటి వెంట ఉప్పునీరు లోపలికొచ్చింది, గట్టున పోసిన మట్టి నీటి నడకను ఆపింది. మిసిసిపీ కరకట్టలు ఒండ్రును ఆపడం, నేల కుంగడం కూడా కారణాలే. చమురొక్కటే దోషి అనడం పొరపాటు. అయినా నాకు ఈ పటమే నిక్కచ్చిగా తోస్తుంది. చెప్పదలచనిది కూడా చెప్పేసింది మరి.

రెండింటికీ ఒకటే లోటు: నీటి అంచున ఆగిపోతాయి. ఐల్ డెర్నియర్‌కు దక్షిణాన మునిగిన పాత లంక ఒకటుంది, పేరు షిప్ షోల్. అదే పేరున్న చమురు ప్రాంతంలో 1947లో కెర్-మెగీ కంపెనీ, నేల కంటికి ఆనని దూరాన చమురు పడిన తొలి బావి తవ్వింది. తరవాత లూసియానాలోనే ఉన్న కామినాడా ఇసుక తీరాన్ని నిలబెట్టడానికి ఇసుక ఈ షిప్ షోల్ దిబ్బ నుంచే తెచ్చారు. ఖర్చులో కొంత 2010 బీపీ చమురు ప్రమాదం జరిమానాల సొమ్ము. కానీ దిబ్బ మీదుగా పోయే చమురు పైపులైన్ల దగ్గర ఇసుక తవ్వడానికి వీల్లేదు. గల్ఫ్ లోతు సముద్రపు చమురు పనికి ఆధారమైన పోర్ట్ ఫోర్షాన్ ఉన్నది ఆ కామినాడా వెనకే. ఈ పైపులూ, దిబ్బా, రేవూ ఒకే కాగితం మీదకు వస్తే తప్ప లంకల లెక్క పూర్తి కాదు.