రికాబూ, నీకు దండం

రికాబూ, నీకు దండం. గుర్రాన్ని పొగిడినవాళ్లున్నారు, జీనుకు జరీ కుట్టించినవాళ్లున్నారు, కత్తికి పూజ చేసినవాళ్లున్నారు. రౌతు పాదం కింద వేలాడే నిన్ను తలచినవాళ్లు అరుదు.

అలెగ్జాండర్ నువ్వు లేకుండానే, తొడల బిగువుతోనే ఆసియా దాటాడు. మన దేశంలో బొటనవేలు మాత్రం దూర్చే తాడు ఉచ్చువై పుట్టావు. చెప్పుల్లేని కాలికి అదే చాలింది. చైనాలోని చాంగ్షాలో, 302 నాటి సమాధిలో దొరికిన రౌతుబొమ్మకు నువ్వు ఒక్కవైపే ఉన్నావు, ఎక్కడానికి ఊతంగా. 415లో కన్నుమూసిన ఫెంగ్ సూఫు అనే చైనా ప్రభువు సమాధిలోనైతే జంటగా బయటపడ్డావు, మల్బరీ చెక్క మీద బంగారు పూత కంచు తొడుక్కొని. ఆరో శతాబ్దంలో అవార్లనే సంచార తెగ వెంట ఐరోపా చేరావు. నీ మీద కాళ్లూని రౌతు లేచి నిలబడ్డాడు, పక్కకు ఒరిగి కత్తి దూసినా జారిపడలేదు. గెలుపు కథల్లో నీ పేరు లేదు.

అంతకన్నా మరుగున, మా చెవిలో ఉన్నావు. రికాబు ఆకారంలోనే ఉండే స్టేపిస్ అనే నువ్వు ఒంట్లోకెల్లా చిన్న ఎముకవి. మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, బియ్యపు గింజలో సగం! కర్ణభేరి అదిరితే కూటకం అనే ఎముక దాగలి అనే ఎముకకు చెబుతుంది, దాగలి నీకు చెబుతుంది, నువ్వు అండాకారపు కిటికీని తట్టి లోపలి ద్రవాన్ని కదిలిస్తావు. నీ పీఠం కర్ణభేరికన్నా దాదాపు 17 రెట్లు చిన్నది. అంత పెద్ద పొర అందుకున్న బలం ఆ కాస్త చోట చేరుతుంది కాబట్టే గాలిలో వచ్చిన సన్నని మాట ద్రవంలోనూ బతుకుతుంది. అమ్మ జోల, అర్ధరాత్రి తలుపు చప్పుడు, బిడ్డ తొలి ఏడుపు, అన్నీ నిన్ను దాటే రావాలి. ఓటోస్క్లెరోసిస్ అనే జబ్బుతో నువ్వు బిగుసుకుపోతే పక్కనున్న మనిషి కూడా దూరమైపోతాడు. 1956లో అమెరికాలోని మెంఫిస్‌లో డాక్టర్ జాన్ షే నీ స్థానంలో చిన్న టెఫ్లాన్ ముక్క పెట్టి ఒకరికి వినికిడి తిరిగి తెప్పించారు. ఆయనకూ దండం.

ఇళ్లు కట్టేచోట నీ పేరు రింగు. బీములో పొడవు రాడ్లను చుట్టి పట్టుకొని, ఏటవాలుగా చీలబోయే కాంక్రీటును ఆపుతావు. పిల్లర్లో రాడ్లు బయటికి ఉబ్బకుండా కాస్తావు. 2001లో భుజ్ భూకంపానికి దెబ్బతిన్న ఎన్నో భవనాల్లో రింగులు దూరదూరంగా వేశారు, కొనలు 90 డిగ్రీలకే వంచి వదిలేశారు. నేల ఊగగానే ఆ కొనలు విచ్చుకున్నాయి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. కాంక్రీటు పోయకముందే ఇంజనీరును వెంటబెట్టుకొని వెళ్లండి. రింగు కొనలు 135 డిగ్రీలు లోపలికి వంగాయా, బీమూ పిల్లరూ కలిసేచోట రింగులు దగ్గరదగ్గరగా ఉన్నాయా, కళ్లతో చూడండి. పోశాక చూసే వీలుండదు.