మగ లేని వంశాల్లో ట్రాన్స్‌పోజాన్ల లెక్క

కొలరాడో రాష్ట్రంలోని అరోరా నగరానికి తూర్పున గోధుమ పండే మైదానాలు విస్తరించి ఉన్నాయి. 1986లో ఆ రాష్ట్రపు చేలకు రష్యన్ గోధుమ పేనుబంక సోకింది. మగపురుగు ప్రమేయం లేకుండా పిల్లలను కనడం పేనుబంక జాతుల్లో మామూలే. అమెరికా చేలలో ఈ జాతి ఏడాది పొడుగునా దాదాపు ఆ పద్ధతిలోనే పెరిగింది. దానిని తట్టుకొనే ‘హాల్ట్’ అనే గోధుమ రకాన్ని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ 1994లో విడుదల చేసింది. 2003లో ఆ నిరోధాన్ని దాటగల కొత్త రకం పేనుబంక అదే రాష్ట్రంలో బయటపడింది.

లైంగిక ప్రజననం అరుదైన వంశంలో ఇంత వైవిధ్యం ఎక్కడిది? కొత్త పురుగు బయటి ప్రాంతం నుంచి వచ్చి ఉండవచ్చు. జీనోములో తమ చోటు తామే మార్చుకొనే డిఎన్ఏ ఖండాలు, అంటే ట్రాన్స్‌పోజాన్లు, కారణమై ఉండవచ్చు. రెండో జవాబు ఆకర్షణీయమైనదే. కానీ దాని వెనుక ఉన్న సిద్ధాంతం అంత స్థిరమైనది కాదు.

బార్బరా మక్లింటాక్ 1940లలో మొక్కజొన్న గింజల రంగుల్లో ఈ ఖండాల జాడ కనిపెట్టారు. నోబెల్ బహుమతి 1983లో వచ్చింది. ఈలోగా, 1980లో, నేచర్ పత్రికలో వెలువడిన రెండు వ్యాసాలు వీటిని ‘స్వార్థ డిఎన్ఏ’గా వర్ణించాయి. పరాన్నజీవి అన్న ఉపమానం అప్పటినుంచి పాతుకుపోయింది. పరాన్నజీవి వ్యాపించాలంటే ఒక ఆతిథేయి నుంచి మరొక ఆతిథేయికి చేరాలి. డానల్ హికీ 1982లో చెప్పినది అదే: ట్రాన్స్‌పోజాన్లకు ఆ దారి లైంగిక ప్రజననమే. తల్లిదండ్రుల జన్యువుల్లో సగమే బిడ్డకు చేరుతుంది. తన నకళ్ళను ఇతర క్రోమోజోముల్లో కూడా చేర్చుకున్న ఖండం మాత్రం సగం కంటే ఎక్కువమంది పిల్లలకు చేరుతుంది. అందువల్ల ఆతిథేయి సామర్థ్యాన్ని దాదాపు సగానికి తగ్గించినా అది వ్యాపించగలదు. పండ్ల ఈగ డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌లో పి-ఎలిమెంట్ చరిత్ర ఇందుకు సాక్ష్యం. పూర్వం సేకరించి ప్రయోగశాలల్లో పెంచుతూ వచ్చిన వంశాల్లో అది లేదు. వేరొక జాతి ఈగ నుంచి వచ్చి, కొన్ని దశాబ్దాల్లోనే ప్రపంచమంతటా ఉన్న అడవి ఈగల్లోకి పాకింది.

దీన్నిబట్టి లైంగికత లేని వంశాల్లో ట్రాన్స్‌పోజాన్లు తక్కువగా ఉండాలి. కానీ ఇదే సాహిత్యంలో దీనికి విరుద్ధమైన వాదం కూడా ఉంది. జన్యు పునఃసంయోజనం లేనిచోట ప్రకృతి వరణం మందగిస్తుంది, చెడు చేర్పులు పోగుపడతాయి, వంశం అంతరిస్తుంది. రెండు జోస్యాలనూ ఒకే సిద్ధాంతం పేరుతో చెప్పుకుంటే ఏ ఫలితం వచ్చినా అది నెగ్గినట్టే కనిపిస్తుంది. ఎలీ డాల్గిన్, బ్రయన్ ఛార్ల్స్‌వర్త్ 2006లో చేసిన విశ్లేషణ ఈ చిక్కును కొంత విప్పింది: చిన్న జనాభాలో ట్రాన్స్‌పోజాన్లు పెరిగి వంశాన్ని ముంచుతాయి, అతి పెద్ద జనాభాలో, అవి ఊడిపోయే వీలుంటే, క్రమంగా మాయమవుతాయి. అంటే జనాభా పరిమాణం, గడిచిన కాలం చెప్పకుండా జోస్యానికి అర్థం లేదు.

కీటకాల నుంచి వచ్చిన సాక్ష్యాన్ని ఈ దృష్టితో చదవాలి. లెప్టోపిలినా క్లావిపెస్ పండ్ల ఈగ పిల్లపురుగుల మీద బతికే కందిరీగ జాతి. వోల్బాకియా అనే బాక్టీరియా సోకిన వంశాల్లో మగవాటి అవసరం ఉండదు. 2012లో ప్రచురితమైన పరిశోధనలో అలైంగిక వంశంలో ఒక రకం ట్రాన్స్‌పోజాన్ నాలుగింతలు కనిపించింది. కానీ అన్ని రకాలూ పెరగలేదు. పరిశోధకులు దానికి కారణం లైంగికత లోపించడం కాదనీ, బాక్టీరియా జోక్యం కావచ్చుననీ అన్నారు. టిమెమా అనే కర్రపురుగుల్లో మగవాటిని విడిచిన ఐదు జాతులను వాటి లైంగిక సోదర జాతులతో పోల్చిన 2022 నాటి అధ్యయనంలో ట్రాన్స్‌పోజాన్ల మొత్తంలో నిలకడైన తేడా కనిపించలేదు. తేడా కనిపించింది జన్యు వైవిధ్యంలోనూ, మేలైన మార్పులు స్థిరపడే వేగంలోనూ.

‘తేడా కనిపించలేదు’ అన్న వాక్యాన్ని ‘ప్రభావం లేదు’ అని చదవడం తొందరపాటు. లెక్కించే పద్ధతి ఎంత ముఖ్యమో అరోరాలోని కొలరాడో విశ్వవిద్యాలయ వైద్య కళాశాల నుంచి 2011లో వెలువడిన పరిశోధన చూపింది. మానవ జీనోములో పునరావృత భాగం దాదాపు సగమని అప్పటి అంచనా. తెలిసిన కుటుంబాల నమూనాలతో సరిపోల్చడమే అందుకు మార్గం. చాలా పాతబడి, ఉత్పరివర్తనాలతో రూపు మారిన నకళ్ళు ఆ వలలో పడవు. డి కోనింగ్, పోలక్, వారి సహచరులు పరస్పరం పోలికగల చిన్న వరుసల సమూహాలను వెతికే పద్ధతితో ఆ వాటాను 66 నుంచి 69 శాతంగా అంచనా వేశారు. జీనోము మారలేదు, వల కన్ను మారింది.

ఆ పరిశోధన మనుషులది. అయినా కీటకాలపై వాదించేవారు దాని నుంచి గ్రహించవలసినది ఉంది. ఇటీవలే మగవాటిని విడిచిన జాతిలో ఉన్న నకళ్ళలో అత్యధికం లైంగిక పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి. ఆ మొత్తాన్ని పక్కవారి మొత్తంతో పోల్చితే కొత్తగా చేరినది, పోయినది కనపడదు. తూచవలసినది నిల్వను కాదు, విడిపోయిన తరువాతి చేర్పులను. ఈస్ట్ జనాభాలను ప్రయోగశాలలో దాదాపు 1000 తరాలు పెంచిన ప్రయోగాన్ని ఇలాగే పరిశీలించి, అలైంగిక పద్ధతిలో ట్రాన్స్‌పోజాన్ల భారం తగ్గుతుందని 2019లో చూపగలిగారు. కీటకాల్లో అంత పొడవైన ప్రయోగం కష్టం. అయినా ప్రతి చేర్పు వయసునూ అంచనా కట్టే మార్గాలు ఉన్నాయి.

మరొక లోపం పద్ధతిది కాదు, నమూనాది. ట్రాన్స్‌పోజాన్ల వల్ల నశించిన అలైంగిక వంశాలు పరిశోధకుల చేతికి దొరకవు. బతికి ఉన్నవాటినే కొలిచి, ట్రాన్స్‌పోజాన్లు హాని చేయవని తేల్చడం ఊళ్ళో మిగిలినవారిని లెక్కపెట్టి వరదలో ఎవరూ పోలేదనడం లాంటిది.

గోధుమ పేనుబంక విషయంలో ఈ జాగ్రత్తకు ప్రయోజనం ఉంది. మగ లేని పురుగు మారలేదన్న ధీమాతో ఒకే నిరోధక జన్యువు మీద ఆధారపడితే ఏమవుతుందో 2003 చూపింది. ఆ మార్పుకు కారణం ట్రాన్స్‌పోజానే అని చెప్పాలంటే, నిరోధాన్ని దాటిన పురుగులో ఏ చేర్పు ఏ జన్యువు దగ్గర ఎప్పుడు జరిగిందో చూపాలి. ఎన్ని ట్రాన్స్‌పోజాన్లు ఉన్నాయన్న శాతం ఒక్కటే ఆ రుజువు కాజాలదు.