'ఉస్కీ రోటీ': నిరీక్షణ శిల్పం – ప్రేక్షక స్పందన

మోహన్ రాకేశ్ హిందీ కథ ఆధారంగా మణి కౌల్ 1969లో రూపొందించిన 'ఉస్కీ రోటీ' భారతీయ నవ్యసినిమాలో తీవ్ర వివాదానికి గురైన చిత్రం. బస్సు డ్రైవరైన భర్త సుచ్చాసింగ్‌కు రొట్టెలు అందించడానికి బాలో రోడ్డు పక్కన ఎదురుచూడటమే ఇందులోని ఇతివృత్తం.

ఈ చిత్రంపై ప్రధానంగా రెండు ఆక్షేపణలు వచ్చాయి. చిత్రం విసుగు పుట్టిస్తుందనేది మొదటిది. బాలో ఆలస్యానికి కారణం ఆమె చెల్లెలికి ఎదురైన వేధింపు. కన్నీటి నాటకానికి కావలసిన సామగ్రి ఇందులో ఉంది. అయినా కౌల్ దానిని వాడుకోలేదు. నటుల సంభాషణల్లో ఉద్వేగాన్ని తగ్గించాడు. జరిగినదానికీ, బాలో ఊహకూ నడుమ హద్దు చెరిపాడు. కథలో పాఠకుడు ఒక వాక్యంలో దాటిపోయే నిరీక్షణను ప్రేక్షకుడు ఇక్కడ కాలంగా భరించాలి. కనుక విసుగు ఈ శిల్పంలో అంతర్భాగమే. అయితే బాలో ముఖం, చేతులు చిత్రలేఖనంలోని రూపాలుగా మిగిలి, ఆమె ఆగ్రహం వినిపించకపోవడం ఈ పద్ధతికున్న పరిమితి.

ప్రభుత్వ సంస్థ అయిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ నిధులతో ఇటువంటి చిత్రం తీయడం ప్రజాధన దుర్వినియోగమనేది రెండవ ఆక్షేపణ. ప్రజాధనానికి జవాబుదారీతనం అవసరమే. కానీ ఈ చిత్రం సాధారణ థియేటర్లలో విస్తృత విడుదలకు నోచుకోలేదు. చూసే అవకాశమే లేనివారి పేరిట 'ప్రేక్షకులు తిరస్కరించారు' అని తీర్పు చెప్పడం సమంజసం కాదు. నిర్మాణానికి నిధులిచ్చి ప్రదర్శనకు మార్గం చూపని విధానాన్ని కూడా ఈ వివాదంలో భాగంగానే పరిశీలించాలి.