గిలక మీద నిలిచిన కిటికీ

లండన్‌లోని బెడ్‌ఫర్డ్ స్క్వేర్ చుట్టూ 1775-83 మధ్య లేచిన ఇటుక ఇళ్ల వరసను చూడవచ్చినవాళ్లు ముందు గుమ్మాల దగ్గరే ఆగిపోతారు. అచ్చులో ఒత్తి బట్టీలో కాల్చిన ‘కోడ్’ అనే కృత్రిమ రాతి గడ్డపు ముఖాలు, తలుపు మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం. బాగుంటాయి, కాదనను. నా ఓటు మాత్రం కిటికీకి. దానికి బయటికి తెరుచుకునే రెక్కలుండవు. రెండు పలకలు ఒకదాని వెనక ఒకటి పైకీ కిందికీ జారతాయి. చట్రం పక్కన గోడలో దాగిన బోలు పెట్టెలో ఒక గుండు వేలాడుతుంటుంది. పలక అంచున కట్టిన తాడు పైనున్న గిలక మీదుగా దిగి ఆ గుండును పట్టుకుంటుంది. మన నూతి గిలకకు తమ్ముడనుకోండి. రెండు పక్కలా చెరో గుండు, రెండూ కలిస్తే దాదాపు పలక బరువు. ఆ ‘దాదాపు’లోనే ఉంది పనితనమంతా. పై పలక గుండ్లు కాస్త ఎక్కువ తూగాలి, అప్పుడది పైనే నిలుస్తుంది. కింది పలకవి కాస్త తక్కువ తూగాలి, మూస్తే మూసినట్టే కూర్చుంటుంది. మందపాటి అద్దం వేశారా, వడ్రంగి మళ్లీ తూకం చూడాల్సిందే. తాడు తెగితే పెట్టెకున్న చిన్న చెక్కమూత తీసి గుండును అందుకుంటాడు, గోడ పగలగొట్టే పనే లేదు. తూకం కుదిరిన నిలువెత్తు కిటికీ రెండు వేళ్లకే లేస్తుంది. పైన జానెడు, కింద జానెడు తెరిచి పెడితే వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. పాతకాలపు అద్దం మిగిలిన చోట, ఎదుటి తోటలో చెట్లు నీళ్లలో కదిలినట్టు కొద్దిగా వంకరపోతాయి.