తేట నీళ్ళన్నీ మంచి నీళ్ళు కావు

చేపల తొట్టి అద్దంలోంచి అవతలి గోడ స్పష్టంగా కనబడితే నీళ్ళు బాగున్నట్టేనని చాలామంది లెక్క. ఆ లెక్క కుండలో తాగే నీళ్ళకు సరిపోయిందేమో. చిల్లగింజ అరగదీసి కలిపితే మన్ను అడుక్కి దిగి నీళ్ళు తేరుకునేవని పెద్దలు చెబుతారు. తొట్టి సంగతి వేరు. చేప తినేదీ విసర్జించేదీ ఆ నీళ్ళలోనే. మొప్పల గుండా క్షణక్షణం అమ్మోనియా వదిలేదీ ఆ నీళ్ళలోకే. అమ్మోనియాకు రంగు లేదు. అద్దంలా మెరిసే నీళ్ళలోనే చేపలు పైకి తేలి, నోళ్ళు తెరిచి, ఊపిరాడక పోతాయి. కనుక ఫిల్టరంటే వడగట్టే గుడ్డ కాదు; ఈ విషాన్ని తిని బతికే బ్యాక్టీరియాకు మనం కట్టే ఇల్లు. ఆ ఇంటికి ఎంత ఖరీదైన రాయి తెచ్చామన్నదానికన్నా, ఏది ముందు ఏది వెనక పేర్చామన్నదే ముఖ్యమని నా వాదన.

ఆ పేర్పు ఎంత ముచ్చటగా కుదురుతుందో చూడాలంటే జర్మనీ వాళ్ళ క్యానిస్టర్ ఫిల్టరు మూత తీసి చూడాలి. గుంథర్ ఏహైమ్ కంపెనీ 1960ల్లో తెచ్చిన ఈ డబ్బాను మించిన పనితనం నా దృష్టిలో ఇంతవరకూ రాలేదు. మురికి నీళ్ళు అడుగునుంచి లోపలికొచ్చి పైకెక్కుతాయి. అడుగున బోలు సిరామిక్ గొట్టాలు. అవి నీటి ధాటిని విరిచి నలువైపులా సమంగా పంచుతాయి, పెద్ద చెత్తను ఆపుతాయి. వాటి మీద పెద్ద రంధ్రాల నీలి స్పాంజి. ఆపైన కంటికి కనపడని సందులతో నిండిన గుండ్లు. బ్యాక్టీరియా కాపురం అక్కడే. చిట్టచివర నీళ్ళకు మెరుపు తెచ్చే తెల్లదూది. ఒకదాని పని ముగిసిన చోట ఇంకొకదాని పని మొదలవుతుంది. దూదిని గుండ్లకన్నా ముందే పెట్టాలనే పక్షం ఒకటుంది. నేను ఆ పక్షం కాదు. దూది త్వరగా మూసుకుపోతుంది. అది మూసుకుంటే దాని వెనకున్న బ్యాక్టీరియాకు నీళ్ళూ అందవు, ఆక్సిజనూ అందదు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే టాప్ ఫిల్టరులో నీళ్ళు పైనుంచి కిందికి దిగుతాయి గనక వరసంతా తిరగబడుతుంది: స్పాంజి పై ట్రేలోకి, బ్యాక్టీరియా కాపురముండే రింగులు దాని కిందికి. ట్రేల అంకెలు చూసి కాదు, నీరు నడిచే దారి చూసి పేర్చాలి.

బ్యాక్టీరియా ఎక్కడైనా బతుకుతుంది కదా, వరస ఏదైతేనేం అనేవాళ్ళున్నారు. బతుకుతుంది, నిజమే, ఏ బ్యాక్టీరియా అన్నది అసలు ప్రశ్న. సూక్ష్మజీవి శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించినట్టు, అమ్మోనియాను నైట్రైట్‌గానూ నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మార్చే జీవులు ప్రత్యేకమైనవి. తొట్లలో ఆ రెండో పని చేసేది అందరూ అనుకున్న నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని తిమోతీ హోవనెక్ బృందం 1998లో చూపించింది. ఎంత గొప్ప పని! ఈ జీవులు నిదానస్తులు. ఒకటి రెండయ్యేందుకు ఇంచుమించు రోజు పడుతుంది. కుళ్ళిన మేతను తినే మామూలు బ్యాక్టీరియా గంట తిరక్కుండానే రెట్టింపవుతుంది. స్పాంజి లేకుండా రింగులను ముందు పెడితే వాటి మీద పెంట పేరుకుంటుంది, ఈ వేగస్తులు వచ్చి చోటూ ఆక్సిజనూ కాజేస్తాయి, నిదానస్తులకు నిలువనీడ ఉండదు. వేలు పోసి కొన్న రాయి చెత్తబుట్టగా మిగులుతుంది.

మొక్కలుంటే ఫిల్టరెందుకనే అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. మొక్కలు అమ్మోనియాను పీల్చుకుంటాయని డయానా వాల్‌స్టాడ్ మొక్కల తొట్ల మీద రాసిన తన పుస్తకంలో బలంగా వాదించారు. చేపలు కొద్దిగా, మొక్కలు దట్టంగా ఉన్న తొట్టికి అది నిజం. మన హాల్లో రెండడుగుల తొట్టిలో అరడజను గోల్డ్‌ఫిష్‌లుంటాయి, నాటిన మొక్కనల్లా అవి నమిలేస్తాయి. పైగా లిస్బన్‌లో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల తొట్టిలో అడవినే పెంచిన జపాన్ కళాకారుడు తకాషి అమానో అంతటివాడు ఫిల్టరును వదులుకోలేదు. కొత్త తొట్టికి మొదట యాక్టివేటెడ్ కార్బన్, నీళ్ళు కుదిరాక దాని చోట బ్యాక్టీరియా నిలిచే రాయి: ఇది ఆయన పద్ధతి. ఏది ఎప్పుడు తీయాలో తెలియడమూ పేర్పులో భాగమే.

ఇంత విద్యను ఇవాళ ఒక ప్లాస్టిక్ కార్ట్రిడ్జి మింగేస్తోంది. చేతి వెడల్పు దూదిసంచి, అందులో గుప్పెడు బొగ్గు, పెట్టె మీద 'నెలకోసారి మార్చండి' అన్న ఆదేశం! వారాల తరబడి కూడిన జీవరాశిని నెలనెలా చెత్తకుండీలో పారేయమని చెప్పి, చేపలు చస్తే మళ్ళీ చేపలు అమ్మడం వ్యాపారం కావచ్చు, పెంపకం కాదు. భీమవరం వైపు రొయ్యల రైతు అమ్మోనియా మాట వింటేనే ఉలిక్కిపడి నీళ్ళు పరీక్షకు పంపుతాడు. అదే ప్రాంతపు ఇళ్ళలో పిల్లల ముచ్చటకు తెచ్చిన చేపలకు ఆ విచారం దక్కడం లేదు. స్పాంజిని మున్సిపాలిటీ కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతికేవాళ్ళకు క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను ఏం చేస్తుందో దుకాణంలో ఎవరూ చెప్పరు. అయ్యా, అమ్మా, ఫిల్టరులో పేర్చిన స్పాంజి, రింగులు అన్నీ ఒక్కసారే మార్చకండి. తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళను బకెట్లో పోసి, స్పాంజిని అందులోనే పిండండి. రింగులను అదే నీళ్ళలో ఒకసారి ముంచి, ఎక్కడివక్కడే తిరిగి పేర్చండి.