ఛాయాచిత్రం - చరిత్రాధారం: ఆదిలాబాద్ గోండుల పాత చిత్రాలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

స్థానిక చరిత్ర గ్రంథాలలో పాత ఛాయాచిత్రానికి సాధారణంగా దక్కే స్థానం ముఖపత్రం, లేదా పుటల నడుమ అలంకారం. శాసనాన్ని పరిష్కరించినట్లు, కైఫియత్తును పరిశీలించినట్లు ఛాయాచిత్రాన్ని ఒక పాఠంగా చదివే ప్రయత్నం అరుదు. ఎవరు తీశారు, ఏ సందర్భంలో, ఎవరి అండతో, ఎవరు చూడాలని తీశారు అన్న ప్రశ్నలు శాసనానికి వేసినంత శ్రద్ధగా చిత్రానికీ వేయవలసి ఉంది. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940వ దశకంలో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మధ్య తీసిన ఛాయాచిత్రాలు ఇటువంటి పరిశీలనకు తగిన సామగ్రి.

నేపథ్యం

హైదరాబాద్ సంస్థానపు పాత చిత్రాలనగానే స్ఫురించే పేరు లాలా దీన్‌దయాళ్. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆయన చిత్రాలలో ప్రధానంగా కనిపించేవి రాజప్రాసాదాలు, వేటలు, విందులు, ఉన్నత వర్గాల ముఖాలు. సంస్థానపు ఉత్తర కొసన ఉన్న అడవి పల్లెల దైనందిన జీవితం విస్తారంగా చిత్రాలకెక్కడానికి 1940వ దశకం దాకా ఆగవలసి వచ్చింది.

ఆ ఆగమనం వెనుక ఒక తిరుగుబాటు ఉంది. అటవీ భూముల నుండి తొలగింపులకు ఎదురు నిలిచిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ వద్ద నిజాం బలగాల కాల్పులలో మరణించాడు. ఆ తరువాతనే గోండుల స్థితిగతులను అధ్యయనం చేయించవలసిన అవసరాన్ని ప్రభుత్వం గుర్తించింది. వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ అప్పటికే హైదరాబాద్‌లో ఉన్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశ పౌరుడిగా పరిగణింపబడి సంస్థానపు హద్దులకు పరిమితమైన ఆయన, చెంచుల, కొండరెడ్ల అధ్యయనం తరువాత గోండుల మధ్యకు చేరాడు. భార్య బెట్టీ ఆయన క్షేత్రపరిశోధనలో భాగస్వామి. కనుక ఈ చిత్రాలను తీసిన కన్ను ఏకకాలంలో శాస్త్రవేత్తది, అనుమానితుడిది, ప్రభుత్వం నియోగించిన వ్యక్తిది. కేవలం వలసవాద దృష్టి అని కొట్టివేసినా, కేవలం ఆత్మీయ దృష్టి అని కొనియాడినా ఈ సంక్లిష్టత మరుగునపడుతుంది.

చిత్రం చూపినది, చూపనిది

దండారీ వేళ నెమలి ఈకల తలపాగాతో, ఒంటినిండా బూడిదతో ఆడే గుస్సాడీలు, కేస్లాపూర్ నాగోబా జాతర, పర్ధానుల వాద్యాలు, పొలం పనులు, ఇంటి కట్టడం, నగలు, పనిముట్లు ఈ చిత్రాల ప్రధాన వస్తువులు. భౌతిక సంస్కృతి చరిత్రకు వీటి విలువ నిర్వివాదం. వర్ణన ఎంత విస్తృతమైనా నాగలి కట్టిన తీరును, తలపాగా చుట్టిన తీరును చిత్రమంత కచ్చితంగా చెప్పలేదు.

అయితే ఈ చిత్రాలను మాత్రమే చూసిన పాఠకునికి కలిగే భావం ఒక్కటే: కాలం తాకని, తనలో తాను సంపూర్ణమైన ఒక లోకం. ఈ భావాన్ని ఖండించే సాక్ష్యం అదే రచయిత చేతిలో ఉంది. 1945లో వెలువడిన 'ట్రైబల్ హైదరాబాద్' నివేదికల సంపుటిలో ఆయన అటవీ హద్దుల బిగింపును, బయటి నుండి వచ్చినవారి చేతుల్లోకి జారిపోతున్న భూములను, వడ్డీ వ్యాపారుల పట్టును చర్చించాడు. ఒకే మనిషి, ఒకే కాలంలో, ఒకే పల్లెల్లో కెమెరాతో ఒక గోండు లోకాన్ని, కలంతో మరొక గోండు లోకాన్ని నమోదు చేశాడు. జాతర ఒక ఫలకంపై ఇముడుతుంది. పట్టా లేకపోవడం ఇమడదు. ఛాయాచిత్రానికి సహజమైన ఈ పరిమితిని గుర్తించనప్పుడు చిత్రం లేనిదాన్ని ఉన్నట్లు చెప్పే సాక్షిగా మారుతుంది.

1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' గ్రంథం ఈ ప్రమాదాన్ని మరింత పెంచింది. 1970వ దశకంలో తిరిగి వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్, వలసల ఒత్తిడికి గోండులు భూములు కోల్పోయిన తీరును ఆవేదనతో వివరించాడు. దానితో పోల్చి చూసినప్పుడు 1940ల చిత్రాలు పోయిన స్వర్ణయుగానికి ఆనవాళ్లుగా తోస్తాయి. కానీ ఆ కాలం జోడేఘాట్‌తో మొదలైంది. ఆ దశకాన్ని స్వర్ణయుగమని పిలవడం కుమ్రం భీం పోరాటానికి కారణమే లేదని చెప్పడంతో సమానం.

పేరు లేని ముఖాలు

రెండవ అంశం చిత్రశీర్షికలది. 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' గ్రంథపాఠంలో ఊరు పేరుతో, ఇంటిపేరుతో గుర్తింపదగిన మనుషులు మాట్లాడతారు. చిత్రాలకు వచ్చేసరికి శీర్షిక ఎక్కువగా తెగ పేరుకో, చేస్తున్న పనికో పరిమితమవుతుంది. ఆస్థాన చిత్రాలలో నవాబుకు బిరుదులతో సహా పేరు ఉండగా, ఇక్కడ మనిషి తన తెగకు నమూనాగా మిగిలిపోతాడు. అదే ముఖం ఒకచోట చరిత్ర, మరొకచోట జాతిలక్షణం కావడానికి ఈ శీర్షికాభేదం దోహదం చేసింది.

ఈ లోటు పూరించరానిది కాదు. చిత్రాల మూలప్రతులు లండన్‌లోని సోయాస్ సంస్థ భాండాగారంలో ఉన్నాయి. వాటిలోని పల్లెలు ఇక్కడే ఉన్నాయి. 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వెలసిన మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు ఉన్నాయి. ఊరివారు నేటికీ అక్కడ నివాళి అర్పిస్తారు. ఆ అనుబంధాన్ని కాపాడుకున్న సమాజం తన తాతముత్తాతల ముఖాలను కూడా పోల్చుకోగలదు. వంశగాథలను తరతరాలుగా గానం చేస్తూ వచ్చిన పర్ధానులు ఈ పనిలో సమాచారదాతలుగా మాత్రమే కాక, పాఠపరిష్కర్తలుగా నిలవదగినవారు.

ముగింపు

ఆదిలాబాద్ చిత్రాలు మూడు ఆధారాలను కలిపి చదివినప్పుడే చరిత్రాధారాలవుతాయి: చిత్రం, దానికి సమకాలికమైన పాలనా నివేదిక, ఆ పల్లె మౌఖిక స్మృతి. మొదటిది రూపాన్ని ఇస్తుంది, రెండవది కారణాన్ని, మూడవది పేరును. స్థానిక చరిత్ర పరిశోధకులు ఇంతకాలం మొదటిదాన్ని విరివిగా, రెండవదాన్ని అప్పుడప్పుడు వాడుకున్నారు. మూడవదానికి మాత్రం గడువు ఉంది. 1940వ దశకపు ముఖాలను స్వయంగా ఎరిగినవారి తరం అంతరించక ముందే, ఆ చిత్రాల ప్రతులు మార్లవాయికి, కేస్లాపూర్‌కు చేరి, అక్కడివారి మాటలతో కొత్త శీర్షికలు రాయవలసిన బాధ్యత తెలుగు విద్యాసంస్థలపై ఉంది.